కౌంటీ ఫారెస్ట్ ప్రిజర్వ్‌లో వలంటీర్లు చెట్లు ఎందుకు నరుకుతున్నారు? మేమూ చేరవచ్చా?

ప్రశ్న అడిగినవారు షికాగో పక్కనున్న నేపర్‌విల్‌కి కొత్తగా వచ్చారట. శనివారం పొద్దున ఇంటి దగ్గరి ఫారెస్ట్ ప్రిజర్వ్‌లో (కౌంటీ, అంటే జిల్లా లాంటిది, కాపాడే ప్రకృతి స్థలం) మామూలు జనం రంపాలు పట్టుకుని చెట్లు కోసి, కుప్ప వేసి తగలబెడుతుంటే చూశారట. అడవిని కాపాడటం అంటే ఇదా అని అడుగుతున్నారు. అవును, ఇదే.

పేరులో ఫారెస్ట్ ఉంది కాబట్టి అంతా అడవే అనుకుంటాం. షికాగో చుట్టుపక్కల నేల చాలావరకు ప్రెయిరీ. అంటే నిలువెత్తు గడ్డి, పూలమొక్కలు, అక్కడక్కడ దూరదూరంగా ఓక్ చెట్లు. ఇల్లినాయ్‌లో ఒకప్పుడు ఇది సుమారు 2 కోట్ల 20 లక్షల ఎకరాలు ఉండేది. చెడిపోకుండా మిగిలిన మంచి ప్రెయిరీ ఇప్పుడు రాష్ట్రం మొత్తానికి 2,500 ఎకరాలకు మించదు. అదీ ఎక్కువగా పాత శ్మశానాల మూలల్లో, రైలు పట్టాల పక్కన నాగలి తగలని ముక్కల్లోనే.

షికాగో ఉన్న కుక్ కౌంటీ జనం 1914లో ఓటేసి ఫారెస్ట్ ప్రిజర్వ్ తెచ్చుకున్నారు, మరుసటి ఏడే పక్కనున్న డూపేజ్ కౌంటీ ప్రిజర్వ్ కూడా ఏర్పడింది. కుక్‌లో ఈ రోజు దాదాపు 70,000 ఎకరాలున్నాయి. కొని వదిలేస్తే నేల తనంతట తానే బతుకుతుందనుకున్నారు, అక్కడే దెబ్బతిన్నారు. పూర్వం పొటావటోమి లాంటి మూలవాసులు పెట్టే, పొదలను అణచి గడ్డిని నిలిపే మంటలు ఆగిపోయాయి. ఆ ఖాళీలోకి యూరప్ నుంచి కంచె మొక్కగా తెచ్చిన బక్‌థార్న్ దూరింది. 1977లో షికాగో నది ఉత్తర పాయ వెంట కొందరు పౌరులు వారాంతాల్లో దాన్ని కొట్టడం మొదలుపెట్టారు. మీరు చూసిన పని ఆ దారిలో వచ్చిందే.

బక్‌థార్న్ ఎలాంటిదో మనవాళ్ళకు ఒక్క మాటలో చెప్పొచ్చు: సర్కారు తుమ్మ. కొట్టి వదిలేస్తే ఒక్క మోడు నుంచి పది పిలకలు లేస్తాయి. దాని గుబురు నీడలో ఓక్ పిల్లలు ఎదగవు, గడ్డి చచ్చిపోయి నేల బోసిగా మిగులుతుంది. నల్లటి పళ్ళు తిన్న పిట్టలు గింజల్ని ఊరంతా చల్లుతాయి. గుర్తుపట్టడం తేలిక. అక్టోబరు చివర మిగతా చెట్లన్నీ ఆకు రాల్చినా ఇది పచ్చగా నిలబడి ఉంటుంది, బెరడు గీరితే లోపల నారింజ రంగు కనిపిస్తుంది.

దీన్ని నరకడానికి చలికాలమే సరైన సమయం. నేల గడ్డకట్టి ఉంటుంది కాబట్టి తొక్కినా అడుగున ఉన్న మొక్కలకు దెబ్బ తగలదు. నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తులో, అడ్డంగా చదునుగా కోయాలి. ఏటవాలుగా కోస్తే ఆ మోడు బూటులో దిగే మేకే. కోసిన వెంటనే రంపపు పొట్టు తుడిచి, అయిదు నిమిషాల్లోపు మోడు మళ్ళీ చిగురించకుండా చంపే మందు పూయాలి, ఆలస్యమైతే మోడు పీల్చుకోదు. లావు మోడుకి మధ్యలో పూయడం వృథా, ప్రాణమంతా బెరడును ఆనుకుని ఉన్న సన్నటి వలయంలోనే ఉంటుంది. మందులో నీలి రంగు కలుపుతారు, ఏ మోడుకి పూశారో, ఏది వదిలేశారో తెలియాలి కదా. గడ్డకట్టే చలిలో నీటి మందు పనిచేయదు, నూనెలో కలిపిన ట్రైక్లోపిర్ వాడతారు. ఏప్రిల్ దగ్గర పడి వేళ్ళ నుంచి రసం పైకి ఎగదన్నేటప్పుడు పూస్తే మందు బయటికి నెట్టుకొచ్చేస్తుంది. ఈ మందు పని లైసెన్సు ఉన్నవాళ్ళదే. కొత్తవాళ్ళు కోయడం, లాగడం, కుప్ప వేయడం చేస్తారు.

కుప్పను ఓక్ కొమ్మల కింద వేయకూడదు. కొమ్మలన్నీ ఒకే దిక్కుగా పేర్చి తొక్కితే బాగా కాలుతుంది, అడ్డదిడ్డంగా పడేస్తే మధ్యలో మంట ఆగిపోతుంది. కాలిన చోట మట్టి మాడిపోతుంది కాబట్టి కుప్పలు తక్కువ ఉండాలి, ఆ బూడిద వలయంలో గింజలు చల్లాలి.

మనసులో ఉన్న మాట ఒకటి చెప్పాలి. హరితహారం చూసి వచ్చిన మనవాళ్ళు పిల్లల పుట్టినరోజుకి ఇక్కడ ఒక చెట్టు నాటాలని ఉబలాటపడతారు. ప్రెయిరీలో నాటిన చెట్టు మేలు చేయదు, దాని నీడ పడినంత మేరా గడ్డి పోతుంది. ఇక్కడి జనానికీ ఇది సులువుగా ఎక్కలేదు. చెట్ల నరికివేత మీద, మంటల మీద గొడవ లేచి 1996లో కుక్ కౌంటీ ఈ పనినే ఆపేయించింది, పూర్తిగా తేరుకోవడానికి ఏళ్ళు పట్టింది. పని మొదలుపెట్టే ముందు ఇరుగుపొరుగుకి నాలుగు మాటలు చెప్పకపోవడమే దానికి సగం కారణమని నా నమ్మకం. ప్రిజర్వ్ కంచెకి ఆనుకున్న ఇళ్ళవాళ్ళు కోసిన లాన్ గడ్డిని అవతలికి పడేస్తారే, వాళ్ళకీ అలా వేయొద్దని ఎవరో ఒకరు చెప్పాలి.

చెట్టు నాటాలనే కోరిక ఉంటే గింజలు ఏరండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో లియాట్రిస్ అనే పూలమొక్క, బిగ్ బ్లూస్టెమ్ అనే పొడవు గడ్డి లాంటివి ఎండుతాయి. ఒక మొక్క నుంచి సగానికి మించి తీయకూడదు. కాగితం సంచిలోనే వేయాలి, ప్లాస్టిక్‌లో బూజు పడుతుంది. సంచి మీద పేరు, చోటు, తేదీ రాయకపోతే ఆ గింజ ఎందుకూ పనికిరాదు. చాలా గింజలకు చలి తగిలితేగానీ మొలక రాదు కాబట్టి చలికాలం మొదట్లోనే చల్లుతారు.

వసంతంలో గార్లిక్ మస్టర్డ్ అనే కలుపు మొక్కను పీకుతారు. ఆకు నలిపితే వెల్లుల్లి వాసన వస్తుంది. పూత మీద పీకింది నేల మీద పడేసినా గింజ కడుతుంది, అందుకే సంచిలో కట్టి బయటికి మోయాలి. గింజ నేలలో అయిదేళ్ళకు పైగా బతుకుతుంది. ఒక్క ఏడాది వచ్చి ఫొటో దిగి వెళ్ళినవాళ్ళ కష్టమంతా దీని దగ్గరే వృథా అవుతుంది.

చేరడం సులభం. కౌంటీ ప్రిజర్వ్ వెబ్‌సైట్‌లో వలంటీర్ పనిదినాల పట్టిక ఉంటుంది. పొడవు ప్యాంటు, గట్టి బూట్లు, తోలు గ్లవ్స్ చాలు, రంపాలు వాళ్ళే ఇస్తారు. మంట దగ్గర నైలాన్ జాకెట్ వద్దు, నిప్పురవ్వ పడితే కరిగి అంటుకుంటుంది. వేసవిలో ఇంటికి రాగానే మోకాళ్ళ వెనక, నడుము దగ్గర పిడుదులు చూసుకోండి. ఓటు హక్కు ఉంటే బ్యాలెట్ కింది చివర కూడా చదవండి. 2022 నవంబరులో కుక్ కౌంటీ ప్రిజర్వ్ కోసం ఆస్తి పన్ను పెంపు వచ్చింది అక్కడే, మూడింట రెండొంతుల మందికి పైగా ఒప్పుకున్నారు.