కొలిమి కబుర్లు: అటక మీదే పగిలిన బిందె

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకే అనుమానం చుట్టూ తిరిగాయి. "కలిపారంటే కల్తీయే కదండీ?" అని. పాలు, నూనె, కారం కొని కొని మనకు ఆ మాట మీద నమ్మకం పోయింది. తప్పు మీది కాదు. కానీ లోహాల విషయంలో నా అభిప్రాయం వేరు. మా నాన్న కోవూరు, అల్లూరు, విడవలూరు ఊళ్లన్నీ తిరిగి కళాయి పూసిన మనిషి. నేను నెల్లూరులో పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పోతపని నేర్పి పదవీ విరమణ చేశాను. రెండు తరాలు కలిపిన లోహాల మీదే అన్నం తిన్నాం కాబట్టి, కాస్త పక్షపాతంగానే మాట్లాడతాను.

*మా అత్తగారి ఇత్తడి బిందె పశువుల కొట్టం అటక మీద ఆరేళ్లుగా బోర్లించి ఉంది. పండుగకు తోముదామని మొన్న దించితే మెడ దగ్గర నిలువునా నాలుగు పగుళ్లు. ఎవరూ పడేయలేదు, దేనికీ తగల్లేదు. దిష్టి తగిలిందని ఇంట్లో అంటున్నారు. నిజం చెప్పండి.*
*– ఒక ఇల్లాలు, టంగుటూరు*

అమ్మా, దిష్టి కాదు, మీ ఎడ్ల మూత్రం. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

మీ బిందెకు వచ్చిన జబ్బు ఒకప్పుడు పెద్ద సైన్యాన్నే ఇబ్బంది పెట్టింది. ఆంగ్లేయుల కాలంలో మన దేశంలోని దళాల దగ్గర తుపాకీ తూటాల ఇత్తడి గొట్టాలు వానాకాలంలో, పెట్టెల్లో ఉన్నవి ఉన్నట్టే పగిలిపోయేవి. వాన రోజుల్లో కనిపించే జబ్బు కాబట్టి దానికి 'సీజన్ క్రాకింగ్' అని పేరు పెట్టారు. తీరా కారణం వెతికితే వాన ఒక్కటే కాదు, పక్కనున్న గుర్రపు సాలల్లోంచి వచ్చే అమ్మోనియా కూడా అని తేలింది. దీని మీద 1921లో ఇంగ్లాండులో మూర్, బెకిన్సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు గట్టి పరిశోధన ప్రచురించారు. పశువుల మూత్రం కుళ్లినప్పుడు ముక్కు మండేలా వచ్చే ఘాటు ఉంది చూశారా, అది అమ్మోనియాయే. అది ఘాటుగా పైకి లేచి మీ అటక దాకా వెళ్లింది.

అయితే అదే కొట్టంలో గిత్తల మెడ గంటలు ఏళ్ల తరబడి వేలాడుతున్నా పగలవెందుకు? ఇక్కడే అసలు సంగతి ఉంది. గంటను కరిగించి పోతపోస్తారు. బిందెను రేకు నుంచి సుత్తితో కొట్టి గానీ, యంత్రం మీద తిప్పుతూ ఒత్తి గానీ మలుస్తారు. మెడ దగ్గర రేకును బాగా కుదిస్తారు. అలా చల్లగా ఉండగానే వంచిన లోహంలో బిగువు లోపలే ఉండిపోతుంది. పైకి నిమ్మళంగా కనిపిస్తుంది గానీ లోపల కట్టేసిన పగ్గంలా లాగుతూనే ఉంటుంది. అమ్మోనియా, తేమ కలిసి ఇత్తడి రేణువుల సందుల్లోకి దిగితే, ఆ బిగువు అక్కడే చీలుస్తుంది. బిగువు లేకపోతే అమ్మోనియా అంత పని చేయలేదు, అమ్మోనియా లేకపోతే బిగువు ఒక్కటే చేయలేదు. రెండూ ఒకచోట చేరాయి.

ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం. తుత్తునాగాన్నే ఇప్పుడు జింకు అంటున్నాం. మామూలు బిందె ఇత్తడిలో జింకు నూటికి 30 పాళ్లకు అటూ ఇటూ ఉంటుంది, ఆ తూటాల ఇత్తడి కూడా సరిగ్గా 70–30. జింకు 15 పాళ్ల లోపు ఉన్న ఇత్తడికి ఈ జబ్బు చాలా అరుదు. మలిచిన తరువాత వస్తువును 250, 300 డిగ్రీల దగ్గర కాసేపు కాచి చల్లారిస్తే లోపలి బిగువు సడలిపోతుంది. చాలా కొట్ల సామానుకు ఆ శ్రద్ధ ఉండదు.

ఇప్పుడు మీ బిందెకు అతుకు వేయించకండి. మెడ చుట్టూ కంటికి కనబడని పగుళ్లు ఇంకా ఉంటాయి, నీళ్లు నింపి ఎత్తితే చేతిలోనే ఊడుతుంది. అత్తగారి జ్ఞాపకం కాబట్టి తులసి మొక్క పెట్టుకోండి. మిగతా ఇత్తడి సామాను ఏదైనా అటక మీద ఉంటే ఇవాళే ఇంట్లోకి తెచ్చుకోండి.

*మా అమ్మాయి పెళ్లికి సవర బంగారం కొన్నాం. 916 అన్నారు. అంటే మిగతా 84 పాళ్లు ఏమిటి? స్వచ్ఛమైనది అడిగితే కొట్టు ఆయన నవ్వాడు.*
*– ఒక తండ్రి, గూడూరు*

ఆయన నవ్వకూడదు, చెప్పాలి. 916 అంటే వెయ్యి పాళ్లలో 916 బంగారం, మిగతా 84 రాగి, వెండి. 24లో 22 వంతులు అన్నమాట. మీ సవర ఎనిమిది గ్రాములైతే అందులో అసలు బంగారం ఏడు గ్రాముల మూడువందల ముప్పై మిల్లీగ్రాముల చిల్లర. రాగి ఎక్కువైతే నగ ఎర్రగా, వెండి ఎక్కువైతే పాలిపోయినట్టుగా ఉంటుంది.

మీది గూడూరు కాబట్టి మీ నిమ్మకాయల మార్కెట్టే చెబుతాను. ఒకే సైజు నిమ్మకాయలు వరుసలుగా పేర్చిన గుట్టను పక్కనుంచి నెడితే ఒక వరుస మీద ఇంకో వరుస జారిపోతుంది. ఆ గుట్ట మధ్యలో అక్కడక్కడా బత్తాయి కాయలు ఇరికించండి, వరుసలు జారవు. స్వచ్ఛమైన బంగారంలో అణువులు అన్నీ ఒకే సైజు, అందుకే అంత మెత్తన. వేరే సైజు అణువు ఒకటి వరుసలో చేరితే అది జారడానికి ఒప్పుకోదు. మీ అమ్మాయి గాజు వంకర పోకుండా ఉన్నది ఆ 84 పాళ్ల దయ వల్లే. ఇది పాలలో నీళ్లలా కాదు. పాలలో నీళ్లు కలిపితే పాల గుణమే పలచబడుతుంది. ఇక్కడ బంగారానికీ రాగికీ విడివిడిగా లేని గట్టిదనం రెండూ కలిసినప్పుడు పుడుతోంది.

మోసం జరిగేది కలపడంలో కాదు, 916 అని చెప్పి 850 ఇవ్వడంలో. నగ మీద మూడు గుర్తులు చూసుకోండి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, స్వచ్ఛత అంకె, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ ఆరూ లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరు కొట్టి చూస్తే వివరాలు వస్తాయి. కొట్టులో నిలబడే చూడండి, ఇంటికి వచ్చాక కాదు.

*ఇత్తడి గిన్నెలో చేపల పులుసు పెట్టవచ్చా? మా నాయనమ్మ పెట్టేదట.*
*– కోవూరు*

నాయనమ్మ గిన్నెకు కళాయి ఉండేది. మీ గిన్నెకు ఉందా? లేకపోతే పెట్టవద్దు. చింతపండు పులుపు రాగినీ జింకునూ కరిగిస్తుంది. చింతపండుతో తోమితే ఇత్తడి తళతళలాడేది ఎందుకనుకుంటున్నారు? మన నెల్లూరు పులుసు పెట్టిన రోజు కంటే మరునాడే రుచి అంటాం. ఆ రాత్రంతా పులుపు ఇత్తడిని నాకుతూ కూర్చుంటుంది. పొద్దున తింటే వాంతులు మొదలు కావచ్చు.

కళాయి అంటే లోపలివైపు పూసే తగరం పొర. మా నాన్న పని నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. గిన్నెలో ఇసుక వేసి కాలితో గిరగిరా తిరుగుతూ రుద్దడం, కొలిమి మీద బోర్లించి కాచడం, కాగిన గిన్నెలో నవాసాగరం పొడి చల్లగానే గుప్పుమని తెల్లటి పొగ, ఆ పొగలోనే తగరం కడ్డీ తాకించి గుడ్డతో ఒక్క తిప్పు. ఎర్రటి గిన్నె లోపల వెండి మెరుపు. ఆ నవాసాగరం లేకపోతే తగరం అంటదు, ముత్యాల్లా దొర్లిపోతుంది. లోహం మీది మడ్డి పొరను తినేసి దారి చేసేది అదే.

తగరం ఖరీదు కాబట్టి కొందరు సీసం కలిపేవాళ్లు. ఇది మాత్రం అచ్చమైన కల్తీ. సీసం కడుపులోకి పోతే విషం. మా నాన్న కడ్డీ కొనేటప్పుడు చెవి దగ్గర పెట్టి వంచేవాడు. మంచి తగరం వంచితే కిర్రుమని ఏడుస్తుంది. సీసం కలిపితే మూగబోతుంది. కళాయి పూయించుకునే వాళ్లు ఈ పరీక్ష చేయమని అడగడంలో మొహమాటపడవద్దు.

ఇంకొక్కటి. తగరం 232 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టి మరచిపోయారంటే పూత ముద్దలు ముద్దలుగా కిందకు జారుతుంది. పులుసుకు, పప్పుకు ఫరవాలేదు, వట్టి గిన్నెలో వేపుళ్లు వద్దు.

*రొయ్యల చెరువులో ఏరియేటర్లకు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు బిగించాం. అయస్కాంతం పెట్టి చూసే కొన్నాం, అంటుకోలేదు. అయినా ఏడాదికే చుక్కలు చుక్కలుగా తుప్పు.*
*– రొయ్యల రైతు, అల్లూరు*

అయస్కాంతాన్ని ఎవరు న్యాయమూర్తిని చేశారో గానీ, జిల్లా అంతా దాని తీర్పే నడుస్తోంది. ఉక్కులో క్రోమియం కనీసం పదిన్నర పాళ్లు ఉంటే పైన కంటికి కనబడని ఆక్సైడు పొర కడుతుంది, అదే తుప్పును ఆపుతుంది. నికెల్ గానీ, చౌక రకాల్లో మాంగనీసు గానీ తగినంత ఉంటే అయస్కాంతం అంటదు. అంటే చవక సరుకుకూ అంటదు, మంచి సరుకుకూ అంటదు. 430 రకం పూర్తిగా స్టెయిన్‌లెస్సే అయినా అయస్కాంతాన్ని పట్టుకుంటుంది.

మీకు కావలసింది 316 రకం. అందులో రెండు మూడు పాళ్ల మాలిబ్డినం ఉంటుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను ఒక్కో చోట సూదితో పొడిచినట్టు పొడుస్తుంది, మీరు చూసిన చుక్కలు అవే. మాలిబ్డినం ఆ పోట్లకు అడ్డం పడుతుంది. వంటింటి 304 రకం మీ చెరువు నీళ్లకు చాలదు. బిల్లు మీద రకం అంకె రాయించుకోండి.

చెరువు గట్టు మీద ఇత్తడి కుళాయిలు ఉంటే అవి కూడా చూడండి. పసుపు రంగు పోయి రాగి ఎరుపు తేలిందంటే ఉప్పునీరు జింకును లాగేసింది. మిగిలిన రాగి బొరుగులా గుల్ల. ఒకరోజు మర గట్టిగా తిప్పితే విరిగి చేతికి వస్తుంది.

*సీసం 327 డిగ్రీల దగ్గర, తగరం 232 దగ్గర కరుగుతాయని మాస్టారు చెప్పారు. మరి రెండూ కలిపిన టంకం 183కే ఎందుకు కరుగుతుంది? సగటు రావాలి కదా?*
*– పదో తరగతి విద్యార్థి, ఉలవపాడు*

శభాష్, ఈ నెలలో మంచి ప్రశ్న నీదే. సగటు రాదు బాబూ, ఎందుకంటే ఇవి మార్కులు కావు. పుల్ల ఐసు చేసేవాళ్లు మంచులో ఉప్పు ఎందుకు వేస్తారు? ఉప్పు కలిసిన నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు, ఇంకా చల్లబడాలి. ఒకదాని వరుసలో ఇంకొకటి దూరితే గడ్డకట్టడం రెండింటికీ కష్టమవుతుంది. తగరం 63, సీసం 37 దగ్గర ఆ కష్టం శిఖరానికి చేరుతుంది, 183కి దిగితే గానీ గట్టిపడవు. రేడియో బాగుచేసే ఆయన చేతిలో తీగ అదే. ముట్టుకుంటే చేతులు కడుక్కో, సీసం ఉంటుంది.

*గృహప్రవేశానికి వచ్చిన జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణెలో వెండి ఎంత శాతం?*
*– ఒంగోలు*

సున్నా. రాగి, జింకు, నికెల్, అంతే. మీ పర్సులో ఇరవై రూపాయల బిళ్ల ఉంటే దాని బయటి అంచు చూడండి, అదే జాతి: రాగి 65, జింకు 15, నికెల్ 20. కొన్నిటికి పైన పలచగా వెండి పూత ఉంటుంది. అది అరిగితే రంగు మారుతుంది. ఇచ్చిన చుట్టాన్ని ఏమీ అనకండి, ఆయనకూ తెలిసి ఉండదు.

*రాకెట్టుకు వాడేది మామూలు ఉక్కేనా?*
*– సూళ్లూరుపేట*

ఇస్రో వారి పీఎస్‌ఎల్‌వీ రాకెట్టు మొదటి దశ గొట్టం మారేజింగ్ అనే రకం ఉక్కు. ఉక్కు గట్టిదనానికి బొగ్గు, అంటే కార్బన్ కావాలని పిల్లలకు ముప్పై ఏళ్లు చెప్పాను. ఈ ఉక్కులో కార్బన్ దాదాపు లేదు, నికెల్ 18 పాళ్లు, కోబాల్టు, మాలిబ్డినం, కొంచెం టైటానియం. మెత్తగా ఉండగానే మలిచి, తరువాత 480 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాస్తే గట్టిపడుతుంది. నేను చెప్పిన పాఠానికి మినహాయింపు మీ పక్కనున్న శ్రీహరికోట నుంచే ఎగిరి వెళ్లేది.

సవరణ: పోయిన నెల గుడి గంటలు రాగి, జింకు కలిపి పోస్తారని రాశాను. తప్పు. మంచి గంట కంచుది, రాగి 78, తగరం 22 పాళ్లకు దగ్గరగా. చదివిన వెంటనే మా ఆవిడ ఇంట్లో కంచు పళ్లెం తెచ్చి నా చెవి దగ్గర మోగించి వెళ్లింది. కావలి నుంచి ఒకరు ఇదే ఎత్తిచూపుతూ, పగిలిన గంటకు అతుకు వేస్తే మోగుతుందా అని కూడా అడిగారు. మామూలు అతుకుతో సరిగా మోగదు. అంత తగరం ఉన్న కంచు గాజులా పెళుసు, అతుకు పక్కన మళ్లీ పగులుతుంది. కరిగించి కొత్తగా పోయించాలి. అందాకా ముక్కలు జాగ్రత్తగా దాచండి. పాతసామాను కొట్టులో ఇత్తడితో కలిపి తూయనివ్వకండి, తగరం ధర జింకు ధర కంటే చాలా ఎక్కువ.