ఆర్బిట్రేషన్ లాయర్ కావాలంటే పెద్ద ఫర్మ్‌లోనే చేరాలా?

అక్కర్లేదండీ. ఆర్బిట్రేషన్ అంటే కోర్టుకు బదులు ఆర్బిట్రేటర్ అనే మధ్యస్థుడి ముందు తగాదా తేల్చుకోవడం. మీరు హైదరాబాద్‌లో లా చదువుతున్నానని, ఇంట్లో లాయర్లెవరూ లేరని, ఇంగ్లిష్ అంటే భయమని రాశారు. పద్నాలుగేళ్ల కిందట నా పరిస్థితీ అదే. మాది నల్గొండ దగ్గర పల్లె, ఇంటర్ దాకా తెలుగు మీడియం.

సిటీ సివిల్ కోర్టులో డబ్బు రికవరీ దావాలు నడిపే ఒక సీనియర్ గారి దగ్గర నాలుగేళ్లు చేశాను. నెలకు ఇచ్చింది రూము అద్దెకు, పెట్రోలుకు సరిపోయేది. కానీ సాక్షిని క్రాస్ చేయడం, అంటే అవతలి పక్షం సాక్షిని ప్రశ్నలతో నిలదీయడం, అక్కడే నేర్చుకున్నాను. ఇవాళ నాకు అన్నం పెడుతున్నది అదే. ఆర్బిట్రేటర్ ముందు సాక్ష్య చట్టం అక్షరాలా వర్తించదు గానీ, సాక్షి నోటి నుంచి నిజం రాబట్టే పని మాత్రం ఎక్కడైనా ఒకటే.

నా మొదటి పెద్ద కేసు ఒక రోడ్డు సబ్‌కాంట్రాక్టర్‌ది. పని ఆలస్యమైందని అవతలి కంపెనీ బిల్లులు ఆపేసి, పైగా పెనాల్టీ వేసింది. ఆయన కాగితాలన్నీ బియ్యం సంచిలో తెచ్చి నా టేబుల్ పక్కన దింపారు. రెండు రాత్రులు కూర్చుని వేరు చేస్తే అడుగున హిండ్రెన్స్ రిజిస్టర్ దొరికింది. పనికి ఏ రోజు ఏం అడ్డొచ్చిందో సైట్‌లో రాసే పుస్తకం అది. ‘భూమి అప్పగించలేదు, మిషన్లు ఖాళీ’ అని సూపర్‌వైజర్ తెలుగులోనే రాశాడు. పక్కనే అవతలి ఇంజినీర్ పొట్టి సంతకం, తేదీ. అలాంటివి 41 రోజులు. క్రాస్‌లో ఆ ఇంజినీర్‌కి ఒక్కో పేజీ చూపించి, ‘ఈ సంతకం మీదేనా?’ అని మాత్రమే అడిగాను. ఆర్బిట్రేటర్ పెనాల్టీ కొట్టేశారు, ఆపిన బిల్లులు వడ్డీతో ఇప్పించారు.

చేయి దాటిపోయిన కేసూ ఉంది. 1996 ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 ప్రకారం, అవార్డు (ఆర్బిట్రేటర్ ఇచ్చే తీర్పు) కాపీ అందాక మూడు నెలల్లో కోర్టులో సవాలు చేయాలి. తగిన కారణం చూపితే ఇంకో 30 రోజులు ఇస్తారు. ఆపైన ఒక్క రోజు కూడా ఇవ్వరు. ఒక చిన్న ఫ్యాక్టరీ యజమాని నా దగ్గరికి వచ్చేసరికి అయిదో నెల నడుస్తోంది. ఆఫీసు గుమాస్తా సంతకం పెట్టి కవరు తీసుకుని, బీరువాలో పెట్టి మర్చిపోయాడు. ‘ఇక దారి లేదండీ’ అని ఆయనకు చెప్పిన ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తే. అప్పటి నుంచి ఏ ఫైలు వచ్చినా ముందు అట్ట మీద ఆఖరి తేదీ రాస్తాను, ఆ తర్వాతే లోపల చదువుతాను.

2021 డిసెంబరులో నానక్‌రాంగూడలో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం మొదలయ్యాక, ఇక కోర్టుల అవసరం లేదనుకునే పిల్లలు కనిపిస్తున్నారు. అది పొరపాటు. ఆర్బిట్రేటర్ ఎవరన్నది రెండు పక్షాలకీ కుదరకపోతే సెక్షన్ 11 కింద హైకోర్టుకే వెళ్లాలి. అవార్డును సవాలు చేయాలన్నా కోర్టే. పెద్ద ఫర్మ్‌లో చోటు వస్తే సంతోషంగా చేరండి, డ్రాఫ్టింగ్ చక్కగా వస్తుంది. కాకపోతే కొత్తలోనే సాక్షిని క్రాస్ చేసే అవకాశం అక్కడ తక్కువ. నన్నడిగితే ముందు ట్రయల్ కోర్టు, అంటే సాక్షుల విచారణ జరిగే కోర్టు.

ఇంగ్లిష్ గురించి టెన్షన్ పడకండి. ప్రతి కేసులో ఏ తేదీన ఏం జరిగిందో జాబితా రాసే పని సీనియర్ గారు నాకే ఇచ్చేవారు. ఒక్కో తేదీకి ఒక్కో చిన్న వాక్యం. మొదట్లో పేజీ నిండా ఎర్ర సిరా దిద్దుబాట్లే ఉండేవి. రెండో ఏడాది చివరికి పేజీకి ఒకటో రెండో మిగిలాయి.