‘కోచ్ వల్ల ఓడినం’, ‘గోల్ కొట్టెటోడు లేకపోబట్టి ఓడినం’: ఏది సరి?

సందేహం: మాది నల్లగొండ. పొద్దున ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ ఆడుతం. ఆట అయినంక ఛాయ్ తాగుతూ భారత జట్టు ఎందుకిట్ల ఓడుతున్నదని వాదించుకోవడం మాకు అలవాటు. ఒకరు ‘కోచ్ వల్ల’ అంటే, ఇంకొకరు ‘ముంగట గోల్ కొట్టెటోడు లేకపోబట్టి’ అంటరు. ఆ వాదాలన్నీ కలిపి నేనొక వ్యాసం రాసిన. చదివిన మిత్రుడు ‘లేకపోబట్టి’, ‘ఇయ్యబట్టి’ ఉన్నచోటల్లా కొట్టేసి ‘లేకపోవడం వల్ల’, ‘ఇవ్వడం వల్ల’ అని దిద్దిండు. ‘బట్టి’ ఊరి మాట, రాతకు పనికిరాదన్నడు. నిజమేనా? ఇంకొకటి: ‘హాంకాంగ్ మీద ఓడింది’ అనాలా, ‘హాంకాంగ్ చేతిలో ఓడింది’ అనాలా? వ్యాసం దీనితో పంపుతున్న.

సమాధానం: ‘లేకపోవడం వల్ల’ మంచి తెలుగే, అందులో పేచీ లేదు. ‘లేకపోబట్టి’ రాతకు పనికిరాదన్న మాట మాత్రం నిలవదు. మీ మిత్రుడు రోజూ రాసే ‘కాబట్టి’లో ఉన్నది ఈ ‘బట్టి’యే. ‘కాన్’ అనే రూపానికి ‘పట్టి’ చేరి, ద్రుతం (చివరి ‘న్’) మీది పకారం బకారమై ‘కాఁబట్టి’ అయింది. చేయన్, రాన్, ఉండన్ అనే రూపాలకు చేరితే చేయఁబట్టి, రాఁబట్టి, ఉండఁబట్టి. అరసున్న ఇప్పుడు రాయడం లేదు, అంతే తేడా. ‘కాబట్టి’ని పుస్తకంలో ఉంచి ‘చేయబట్టి’ని ఊరికి వెళ్ళగొట్టడానికి వ్యాకరణంలో ఆధారమేమీ లేదు.

‘వలనన్, కంటెన్, పట్టి – పంచమీ విభక్తి’ అని బడిలో వల్లె వేసినవాళ్ళమే మనమంతా. 1858 నాటి బాలవ్యాకరణంలో పరవస్తు చిన్నయసూరి పంచమికి చెప్పినవి ఈ మూడే. ‘వలన’ ఎక్కడెక్కడ వస్తుందో కారక పరిచ్ఛేదంలో చెబుతూ అపాయం, భయం, జుగుప్సల వెంట పరాజయాన్ని కూడా చేర్చాడాయన. హేతువైన గుణానికీ క్రియకూ ‘పట్టి’ని విధించాడు. వల్లెలోని ఆ మూడో ప్రత్యయం నల్లగొండలో, పాలమూరులో ఇవాళ్టికీ నోటినిండా ఆడుతున్నది. బట్టి, వట్టి, బట్కె అని పలుకు కొంచెం మారవచ్చు, పని ఒక్కటే. దాన్ని బతికించుకున్నవాళ్ళకే ‘మీది తప్పు’ అని చెబుతుంటే నాకు కష్టంగా ఉంటుంది.

ఇక అర్థం సంగతి. ‘లేకపోవడం వల్ల’, ‘లేకపోబట్టి’ రెండూ కారణాన్నే చెబుతాయి కాని సరిసమానం కావు. ‘నువ్వు రావడం వల్ల పని అయింది’ అంటే జరిగింది జరిగినట్టు చెప్పడం. ‘నువ్వు రాబట్టి పని అయింది’ అంటే, నువ్వు రాకుంటే అయ్యేది కాదన్న మాట కూడా అందులోనే ఉంది. ఆ ‘లేకుంటేనా’ అన్నది విడిగా చెప్పనక్కరలేదు, వినేవాడికి దానంతటదే అందుతుంది. ఓడిన ఆట గురించి వాదించుకునేవాళ్ళకు కావలసింది సరిగ్గా ఇదే.

2025 జూన్ 10 నాటి ఆసియా కప్ క్వాలిఫయర్ చూడండి. డ్రా అవుతుందనుకున్న ఆటలో, ఇంజురీ టైమ్‌లో మన గోల్‌కీపర్ ఫౌల్ చేయడం, పెనాల్టీ రావడం, హాంకాంగ్ గోల్ కొట్టడం చకచకా జరిగిపోయాయి. 0–1. ‘గోల్‌కీపర్ వల్ల ఓడినం’ అంటే మనిషిని నిలబెట్టి దోషమంతా ఆయన నెత్తిన పెట్టినట్టు. ‘గోల్‌కీపర్ ఫౌల్ చేయబట్టి ఓడినం’ అంటే ఆ ఒక్క పనిని చూపించి, అది జరగకుంటే డ్రా అయ్యేదని వాదించినట్టు. దీనికి ఎదురు వాదం కూడా పెట్టవచ్చు. ‘తొంబై నిమిషాలు మనోళ్ళు ఒక్క గోల్ కొట్టకపోబట్టి గదా అక్కడిదాక వచ్చింది!’ అని పక్కవాడు వెంటనే అందుకుంటాడు. చేసిన పనికి ఒక ‘బట్టి’, చేయని పనికి ఒక ‘బట్టి’. వాదం మనిషిని వదిలి ఆటలోకి వచ్చింది చూడండి.

కోచ్ మాటకొస్తే, మనోలో మార్కెజ్ 2021–22 సీజన్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీని ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిపినవాడు. 2024లో భారత జట్టుకు వచ్చాక ఆయన ఆడించిన ఎనిమిది మ్యాచుల్లో గెలిచింది ఒక్క మాల్దీవుల మీదే. అదే మనిషి అక్కడ గెలుపుకూ ఇక్కడ ఓటమికీ కారణమైనప్పుడు ‘కోచ్ వల్ల’ అని ఊరుకుంటే తేలేదేమీ లేదు. ఏం చేయబట్టి, ఏం చేయకపోబట్టి అన్నది చెప్పాలి. ఆ లెక్కన ‘గోల్ కొట్టెటోడు లేకపోబట్టి’ అన్న మీ స్నేహితుడి మాటకు బలముంది. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియాలతో ఆడిన మూడు మ్యాచుల్లోనూ మనవాళ్ళు ఒక్క గోల్ కొట్టలేదు. ఆ జూన్‌లో వీడ్కోలు చెప్పిన సునీల్ ఛెత్రీ 2025 మార్చిలో తిరిగి వచ్చి, ఆ మాల్దీవుల మ్యాచ్‌లో గోల్ కొట్టాడు. నలభై ఏళ్ళ ఆటగాడు మళ్ళీ బూట్లు కట్టుకోవలసి వచ్చిందంటే, ఆ చోటికి ఇంకొకరు తయారు కాకపోబట్టే. ఈ వాక్యంలో ‘తయారు కాకపోవడం వల్లే’ అని రాసి చూడండి, విషయం అదే ఉంటుంది కాని పట్టు సడలుతుంది.

‘బట్టి’ చెడ్డకే వస్తుందనుకోవద్దు. మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉండబట్టి 1951లోనూ 1962లోనూ ఏషియన్ గేమ్స్ బంగారు పతకం వచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దక్కింది. ఇక్కడ ‘రహీం మూలాన’ అంటే చెవికి ఇంపుగా ఉండదు. ‘మూలాన’, ‘మూలంగా’ అన్నవి ఎక్కువగా నష్టం వైపే మొగ్గుతాయి.

‘వల్ల’ తప్ప ఇంకేదీ కుదరని చోట్లూ ఉన్నాయి. ‘మోకాలి గాయాల వల్ల ఆట మానుకుంటారు’ అన్నది ఎప్పటికీ వర్తించే మాట, అక్కడ ‘బట్టి’ పొసగదు. ‘బట్టి’కి అయిపోయిన పనో, కళ్ళముందున్న స్థితో కావాలి. పైగా నేటి భాషలో అది కారణం చెప్పాలంటే క్రియ మీదే రావాలి. నామవాచకం మీద వస్తే అర్థం వేరు. ‘ఆటతీరును బట్టి’ అంటే ఆటతీరు చూసి అంచనా వేయడమే. అందుకే మీ వ్యాసంలోని ‘గాయాలను బట్టి ఓడినం’ సరికాదు, అక్కడ ‘గాయాల వల్ల’ అనండి. ‘గాయాల ద్వారా’ అని టీవీల్లో వినిపించేది అసలే వద్దు. పెనాల్టీ ద్వారా గోల్ వస్తుంది, గాయం ద్వారా ఓటమి రాదు.

మీరు రాతలో జాగ్రత్త పడవలసింది ఒకటుంది. ‘రెండేండ్ల సంది టీము ఓడిపోబట్టె’ అని రాశారు. ఒప్పే. ఇది కారణం చెప్పడం లేదు, ఓడిపోవడం మొదలై సాగుతున్నదని చెబుతున్నది. ‘వాన పడవట్టె’ అంటామే, అది. కింద మళ్ళీ ‘ఓడిపోబట్టె జనం స్టేడియంకు పోతలేరు’ అన్నారు. ఇక్కడ కారణం చెబుతున్నారు గనుక ‘ఓడిపోబట్టి’ అని గుడి పెట్టాలి. అందుకే పోతలేరని నొక్కి చెప్పదలిస్తే ఏత్వం ఇచ్చి ‘ఓడిపోబట్టే’ అనాలి. బట్టి, బట్టె, బట్టే: మాటలో గొంతే తేడా తెలుపుతుంది, కాగితం మీద ఆ పని గుణింతం చేయాలి. మీ మిత్రుడు దిద్దవలసింది ఇది, దీన్ని మాత్రం వదిలేశాడు.

‘ఓటమికి కారణం డిఫెన్స్ వల్ల’ అని ఒకచోట ఉంది. ‘కారణం’ ఉంటే ‘వల్ల’ వద్దు. ‘ఓటమికి కారణం డిఫెన్స్’ చాలు.

రెండో ప్రశ్నకు: గెలిస్తే ‘మీద’, ఓడితే ‘చేతిలో’. మాల్దీవుల మీద గెలిచింది, హాంకాంగ్ చేతిలో ఓడింది. ‘వాళ్ళ మీద ఓడినం’ అని మాటల్లో అంటారు, అర్థమూ అవుతుంది, కాని రాతలో కుదరదు. పైచేయి అయినవాళ్ళ గెలుపు చెప్పేటప్పుడే ‘మీద’ నప్పుతుంది. ‘హాంకాంగ్‌తో ఓడింది’ అన్నది పూర్తిగా తప్పనలేను. స్కోరు కూడా చెప్పాలంటేనే చిక్కు, ‘హాంకాంగ్‌తో 0–1తో ఓడింది’ అని రెండు ‘తో’లు ఢీకొంటాయి. ‘హాంకాంగ్ చేతిలో 0–1తో ఓడింది’ అని రాస్తే దేని చోటు దానిది.