బదిలీ ఉద్యోగులకేనా?

సందేహం: ఒక ఆరోగ్య వ్యాసంలో ‘సీఈటీపీ అనే ఈ మేధోబదిలీ మాంసకృత్తి గుండెజబ్బులకు ఔషధ లక్ష్యంగానూ జీవసూచికగానూ పనికిరావచ్చు’ అని చదివాను. మేధస్సును బదిలీ చేయడమేమిటో బోధపడలేదు. బదిలీ అన్నది ఉద్యోగుల విషయంలోనే కదా వాడతాం? లక్ష్యం, సూచిక రెండూ ఒకటేనా? (ఒక పాఠకురాలు)

సమాధానం: ముందు ఆ ధకారం సంగతి చూద్దాం. మేధస్సు తెలివి, మేదస్సు కొవ్వు. ఒక్క ఒత్తుతో కొవ్వు కాస్తా బుద్ధి అయిపోయింది. అలా అయ్యే వీలే ఉంటే ఇన్ని మందులెందుకు? పోనీ, ఒత్తు తీసేసి ‘మేదోబదిలీ’ అన్నా గండం గడవదు. సంస్కృతపు మేదస్సుకు శాస్త్రోక్తంగా విసర్గసంధి చేసి, తీసుకెళ్లి అరబ్బీ మాటకు ముడిపెట్టారు. సంధి చేయడం తెలిసిన మనిషికి ఎక్కడ చేయకూడదో తెలియకపోవడం చూస్తే జాలేస్తుంది.

అయితే ‘బదిలీ’ని మాత్రం తప్పుపట్టను. నిజానికి ఆ వ్యాసం మొత్తంలో అతికినట్టు కుదిరిన మాట అదొక్కటే. రాసినవారికి ఆ సంగతి తెలిసి ఉండదు.

అరబ్బీలో బదల్ అంటే మార్పిడి, ఒకదాని చోట మరొకటి. ఉర్దూ మీదుగా మనదాకా వచ్చింది. వచ్చి ఒక మూల కూర్చోలేదు, చివర తెలుగు ఉకారం తగిలించుకుని ‘బదులు’ అయి ఇంటిమనిషిలా తిరుగుతోంది. ‘కర్రకు బదులు ఇనుము వాడారు’ అంటే కర్ర ఉండాల్సిన చోట ఇనుము వచ్చింది. ‘పిలిస్తే బదులు పలకలేదు’ అంటే మాట వెళ్లింది కానీ తిరుగుమాట రాలేదు. ఇక ‘చేబదులు’. నోటూ వడ్డీ లేకుండా ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి వెళ్లి మళ్లీ రావలసిన సొమ్ము. రావలసిన అన్నాను, వస్తుందనలేదు. అరబ్బీ బదులుకు మన ‘చేయి’ చేర్చి ఇంత ముచ్చటైన మాట కట్టినవాళ్లు ఏ నిఘంటువూ చూసి ఉండరు. హిందీవాళ్ల ‘బద్లా’, అంటే పగ, ఈ కుటుంబందే. అక్కడా ఒకటి పుచ్చుకున్నందుకు ఒకటి తిరిగి ఇవ్వడమే. మిల్లుల్లో, గనుల్లో ‘బదిలీ కార్మికుడు’ అంటే ఊరు మారినవాడు కాదు, ఆ రోజు పనికి రాని మనిషి స్థానంలో దిగినవాడు. ఉద్యోగుల బదిలీలో కూడా ఒకరు లేచిన కుర్చీలో ఇంకొకరు వచ్చి కూర్చోవడం ఉంది. రానురాను ఆ రెండో సగం రాలిపోయింది. ఇప్పుడు డబ్బు బదిలీ, ఫైళ్ల బదిలీ అని వన్‌వే చేసేశాం.

ఇప్పుడు సీఈటీపీ చేసే పని చూడండి. ఇది రక్తంలో ఉండే ప్రొటీన్, ఇంగ్లీషులో పూర్తి పేరు ‘కొలెస్టరిల్ ఎస్టర్ ట్రాన్స్‌ఫర్ ప్రొటీన్’. రక్తంలో కొలెస్టరాల్‌ను మోసే బళ్లలాంటి రేణువులున్నాయి, హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్ వాటి పేర్లే. హెచ్‌డీఎల్ రేణువుల నుంచి కొలెస్టరాల్ ఎస్టర్‌ను (కొవ్వు ఆమ్లంతో జతకట్టిన కొలెస్టరాల్‌ను) తీసి ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్ రేణువులకు అందిస్తుంది. ఊరికే అందించదు, అటునుంచి ట్రైగ్లిజరైడ్‌ను తెచ్చి హెచ్‌డీఎల్‌కు జమ చేస్తుంది. 2007లో దాని నిర్మాణం బయటపడింది: అరటిపండులా వంగిన ఆకారం, లోపల ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒక సొరంగం, అందులో రెండు కొలెస్టరాల్ ఎస్టర్ అణువులు, రెండు మూతుల దగ్గరా బిరడాల్లా ఫాస్ఫోలిపిడ్లు అనే జిడ్డు అణువులు. సరుకును కడుపులో పెట్టుకుని అటూఇటూ తిరుగుతుందా, రెండు రేణువుల మధ్య వంతెనలా నిలబడి లోపలినుంచే దాటిస్తుందా అన్న వాదన శాస్త్రజ్ఞులది. మనకు కావలసింది ఇచ్చిపుచ్చుకోవడం. ఇంగ్లీషు పేరులో సరుకు ఒకవైపు పోవడమే వినిపిస్తుంది. బదిలీలో రాకడ కూడా ఉంది, మనమే మరిచిపోయాం.

ఇలాంటి నీటిలో కరగని జిడ్డు పదార్థాలన్నిటికీ ఉమ్మడి పేరు లిపిడ్. దాన్ని మేదస్సనో కొవ్వనో అనకండి. కొలెస్టరాల్ లిపిడే గానీ అసలు కొవ్వంటే ట్రైగ్లిజరైడ్. లిపిడ్ పరాయి మాటని బెంగ కూడా అక్కర్లేదు. అది పుట్టిన గ్రీకు ‘లిపోస్’, మన ‘లేపనం’ ఒకే ధాతువు పిల్లలు. హెచ్‌డీఎల్‌ను ‘మంచి కొలెస్టరాల్’, ఎల్‌డీఎల్‌ను ‘చెడ్డ కొలెస్టరాల్’ అనడం మరీ అన్యాయం. రెండు బళ్లలోనూ సరుకు అదే, మారేది బండి. ‘మాంసకృత్తి’ తప్పు, ‘మాంసకృత్తు’ అనాలి. ఆ మాటకొస్తే ఈ ప్రొటీన్ మాంసాన్ని చేసేదీ కాదు, మోసేది.

లక్ష్యం, సూచిక ఒకటి కావు. రక్తంలో ఒక పదార్థం ఎంతుందో కొలిచి జబ్బు సంగతి ఊహిస్తే అది సూచిక. మందు ఏ పదార్థాన్ని పట్టుకుని పనిచేస్తుందో అది లక్ష్యం. తర్కశాస్త్రంలో కొండమీది పొగ నిప్పుకు ‘లింగం’, అంటే గుర్తు. జీవసూచిక అని రాసిన బయోమార్కర్‌కు అంతకన్నా సరైన మాట లేదు గానీ, ‘జీవలింగం’ అని అచ్చువేసే ధైర్యం ఏ సంపాదకుడికీ ఉండదు, నేనూ సిఫారసు చేయను. పొగను మార్చినంత మాత్రాన నిప్పు మారదని ఈ సీఈటీపీ దగ్గరే తేలింది. ఈ ప్రొటీన్‌ను అడ్డుకునే టార్సెట్రాపిబ్ అనే మందును 15 వేల మందికి పైగా రోగులతో పరీక్షించారు. మందు వాడినవారిలో హెచ్‌డీఎల్ 72 శాతం పెరిగింది. కానీ రక్తపోటూ పెరిగింది, మరణాలూ పెరిగాయి, 2006 డిసెంబరులో పరీక్ష ఆపేశారు. సూచిక నవ్వింది, రోగి నవ్వలేదు. అదే కోవలోని అనాసెట్రాపిబ్‌ను 30 వేల మందికి పైగా రోగులతో పరీక్షిస్తే గుండెపోట్లు వగైరా 9 శాతం తగ్గాయని 2017లో తేలింది, అయినా కంపెనీ దాన్ని అమ్మకానికి తేలేదు. లక్ష్యం సరైనదేనా అన్న చర్చ ఇంకా ముగియలేదు.

‘ఔషధ లక్ష్యం’ అంటే మందు ఉద్దేశమేమోనన్న అనుమానం వస్తుంది, అదే చిక్కు. ‘మందుకు గురి’ అనబోతే ‘మందుకు గురైన’ వెంటనే వచ్చి మీద పడుతుంది. ‘మందు పట్టుచోటు’ నాకు నచ్చుతుంది, ఎవరూ వాడరని తెలుసు. అందాకా ఔషధ లక్ష్యమే కానివ్వండి.

సీఈటీపీని ‘కొలెస్టరాల్ ఎస్టర్ బదిలీ ప్రొటీన్’ అని రాయవచ్చు. ఇచ్చిపుచ్చుకోకుండా ఒకవైపే మోసే లిపిడ్ ప్రొటీన్లకు ‘చేరవేత’ మేలేమో.