ఓటుకు వచ్చినంత మంది గ్రామసభకు ఎందుకు రారు?

కేంద్రం, రాష్ట్రం, పంచాయతీ అని పాలన మూడు చోట్ల ఉండటం వల్ల జనం ఎక్కువ పాల్గొంటారా, ఇందులో పార్టీ అభిమానం పాత్ర ఎంత అన్నది ప్రశ్న. మా ఊళ్ళో చూసింది చెప్తాను.

మాది గుంటూరు జిల్లాలో చిన్న పంచాయతీ. పాత పాలకవర్గం గడువు 2018 ఆగస్టులో అయిపోతే, మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. మధ్యలో రెండున్నరేళ్ళు ఊరు ప్రభుత్వం పెట్టిన స్పెషల్ ఆఫీసర్ చేతిలో ఉంది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు రావు. ఎన్నిక పెట్టాల్సింది రాష్ట్రంలో, డబ్బు ఆగేది ఢిల్లీలో, మురుగు నిలిచేది మాత్రం మా వీధిలో.

సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తులు ఉండవు. అయినా ఎవరు ఏ పార్టీయో ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా నాన్న అభిమానించే పార్టీ మనిషి ఓడిపోయాడు. ఇక అప్పటినుంచి నాన్న, ఊరి ఓటర్లందరూ కూర్చునే గ్రామసభ గడప తొక్కలేదు. "అది వాళ్ళ మీటింగ్ రా" అనేవారు. అలాగని ఆయనకు పట్టింపు లేదనుకోకండి. అసెంబ్లీ ఓటు ఒక్కసారి కూడా మానని మనిషి, మోకాళ్ళ నొప్పులతోనే లైన్లో నిలబడతారు.

2022లో ఒక సభకు నేను వెళ్ళాను. స్కూలు వరండాలో పట్టుమని పాతికమంది లేరు, అందులో సగం డ్వాక్రా ఆడవాళ్ళు. మా వీధి మురుగు కాలువ సంగతి ఎత్తితే "ఎమ్మెల్యే గారికి చెప్పాం" అన్నారెవరో. అప్పుడు వెనక కూర్చున్న ఒక పెద్దమ్మ లేచింది. ఉపాధి హామీ పనుల లెక్కలు జనం ముందు తనిఖీ చేసే సోషల్ ఆడిట్‌లో పనిచేసిన మనిషి. "ఎమ్మెల్యే గారిదాకా ఎందుకు? 15వ ఆర్థిక సంఘం డబ్బు మనకెంత వచ్చిందో చదవండి" అంది. ఆ గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలన్నది అప్పటి నియమం. కార్యదర్శి రిజిస్టరు తెచ్చి, వేలు పెట్టి ఒక్కో పద్దూ చదివారు. వరండా అంతా నిశ్శబ్దం.

ఇంటికొచ్చి ఆ లెక్క నాన్నకు చెప్పాను. ఏమీ అనలేదు. తర్వాతి సభకు ఆయనే వచ్చి, మంచినీటి బోరు మోటారు రిపేరుకు ఎంతైందని అడిగారు. కాలువ ఇప్పటికి సగం వీధి వరకు పడింది.

అందుకే నా అభిప్రాయం, మూడు అంచెలు ఉన్నంత మాత్రాన జనం రారు. ఏ పనికి డబ్బు ఎవరి దగ్గర ఉందో తెలియనప్పుడు మనిషికి మిగిలేది పార్టీ జెండా ఒక్కటే. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ 1993లో అమల్లోకి వచ్చినా, గ్రామసభకు ఏ అధికారాలు ఇవ్వాలన్నది రాష్ట్రాలకే వదిలేసింది. కేరళ 1996లో ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇచ్చింది, సభలో తేల్చుకోవడానికి అక్కడ నిజంగా ఏదో ఉంది.

ఈ-గ్రామ్ స్వరాజ్ సైట్‌లో మీ పంచాయతీ లెక్కలు కూడా ఉంటాయి. ప్రింటు తీసి, మీ వీధిలో ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని తర్వాతి సభకు వెళ్ళండి.