విజయవాడ నుంచి శ్రీశైలానికి తొలిసారి సెల్ఫ్ డ్రైవ్ కారు: తాళం చేతికొచ్చేలోపు చూసుకోవాల్సినవి

ప్రశ్న: కార్తీకమాసంలో ఒక శని, ఆదివారం చూసుకుని అమ్మానాన్నలు, మా ఆవిడ, ఏడేళ్ల బాబుతో విజయవాడ నుంచి శ్రీశైలం వెళ్లొద్దామనుకుంటున్నాం. లైసెన్సు వచ్చి రెండేళ్లయింది, సొంత కారు లేదు. సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకోవడం ఇదే మొదటిసారి. ఏమేం చూసుకోవాలి? తెలిసినాయన దగ్గర వైట్ బోర్డు బండి తక్కువకు వస్తోంది, తీసుకోవచ్చా?

జవాబు:

ముందు ఆఖరి ప్రశ్నకే చెబుతాను: వద్దండీ, తీసుకోవద్దు. వెయ్యి రూపాయలు కలిసొస్తాయని అక్కడ మొగ్గితే ముందు ముందు చాలా పెద్ద చిక్కు. మనం నడుపుకోవడానికి అద్దెకిచ్చే కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది సొంత వాడకానికి రిజిస్టరైన బండి. దాని ఇన్సూరెన్స్ పాలసీలోనే, అద్దెకు గానీ ప్రతిఫలానికి గానీ వాడితే వర్తించదని రాసి ఉంటుంది. ఏ దోర్నాల దగ్గరో ఎవరికైనా దెబ్బ తగిలిందనుకోండి, అద్దెకు తిప్పారని తేలిన మరుక్షణం ఇన్సూరెన్స్ కంపెనీ అభ్యంతరం చెబుతుంది. అప్పుడు మీరూ, బండి ఓనరూ కోర్టుల చుట్టూ తిరగాల్సిందే. పర్మిట్ లేకుండా అద్దెకు తిప్పుతున్నారని రవాణా శాఖవాళ్లు దారిలోనే బండి పట్టుకోవచ్చు కూడా. అమ్మానాన్నల్ని రోడ్డు మీద నిలబెట్టుకోవాల్సి వస్తుంది. ఆయన పైసా తీసుకోకుండా ఇస్తే అది వేరే సంగతి.

నల్ల ప్లేటు బండ్లు ఊళ్లో తక్కువగా కనబడటానికి కారణం ఉంది. 1989 నాటి రెంట్ ఏ క్యాబ్ స్కీమ్ ప్రకారం ఈ వ్యాపారానికి లైసెన్సు కావాలంటే కనీసం 50 క్యాబులుండాలి. రెండు మూడు కార్లు పెట్టుకుని నడిపేవాళ్లకు అది కుదిరే పని కాదు, అందుకే చాలామంది తెల్ల ప్లేటుతోనే కానిచ్చేస్తుంటారు. ఫోన్‌లో మాట్లాడేటప్పుడే "ప్లేటు ఏ రంగండీ?" అని అడగండి. వాట్సాప్‌లో ప్లేటు ఫోటో, ఆర్సీ, ఇన్సూరెన్స్, పర్మిట్, ఫిట్‌నెస్, పొల్యూషన్ కాగితాలు పంపమనండి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ తేదీలు మీకే కనబడతాయి. ఈ-చలాన్ సైట్‌లో అదే నంబరు కొట్టి, పాత చలాన్లేమైనా ఉంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అవి తర్వాత మీ డిపాజిట్‌లోంచి పోకూడదు.

ఇక అద్దె లెక్క. రోజుకెంత అన్నది ఒక్కటే అడిగి బేరం తేల్చుకోవద్దు, కిలోమీటర్లతో కలిపి చూడండి. విజయవాడ నుంచి గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, దోర్నాల మీదుగా శ్రీశైలం దాదాపు 265 కిలోమీటర్లు. రానూపోనూ 530, అక్కడ తిరగడానికి, బండి తెచ్చుకుని అప్పగించడానికి ఇంకో 50 వేసుకుంటే 580. ఒకాయన రోజుకు 2,500 చెప్పి 200 కిలోమీటర్లే ఇస్తాడు, పైన కిలోమీటరుకు 10 రూపాయలు. ఇంకొకాయన 3,000 చెప్పి 300 కిలోమీటర్లిస్తాడు. రెండు రోజులకు మొదటి బండికి 5,000 అద్దె, 180 కిలోమీటర్లకు 1,800, వెరసి 6,800. రెండోది 6,000తో సరిపోతుంది. చవకనుకున్నదే ఖరీదైంది చూడండి.

రోజంటే 24 గంటలా, లేక రాత్రి పన్నెండుతో సరా అన్నది కూడా తేల్చుకోండి. ఆలస్యానికి గంటకింత అని వేస్తారు, కార్తీకమాసంలో మీ వెనకాలే ఇంకో పార్టీ కాచుకుని ఉంటుంది. అందుకని మీరనుకున్న టైముకు రెండు గంటలు కలిపే బుక్ చేయండి.

డిపాజిట్‌గా బైకూ, దాని ఆర్సీ అడగడం మన దగ్గర మామూలే. ఇస్తే ఇవ్వండి గానీ, బైకు నంబరు, అప్పటి రీడింగు అగ్రిమెంటులో రాయించండి. ఖాళీ చెక్కు మాత్రం ఇవ్వొద్దు. ఒరిజినల్ ఆధార్ కూడా ఇవ్వొద్దు. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ (UIDAI) సైట్‌లో చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది, దాని ప్రింటు మీద "ఫలానా నంబరు కారు అద్దెకు మాత్రమే" అని అడ్డంగా రాసి, తేదీ వేసి ఇస్తే చాలు.

అగ్రిమెంటులో నాలుగు మాటలు వెతకండి. ప్రమాదం జరిగితే మీరు కట్టాల్సింది గరిష్ఠంగా ఎంత? బండి షెడ్డులో ఉన్నన్నాళ్లు రోజు అద్దె మీరే కట్టాలా? టైర్లు, రిమ్ములు, క్లచ్, బండి అడుగుభాగం ఎవరి ఖాతా? మీతోపాటు ఇంకెవరు నడపొచ్చు? ఎక్కువ చోట్ల టైరూ, క్లచ్చూ, అడుగుభాగమూ అద్దెకు తీసుకున్నవాళ్ల నెత్తినే పడతాయి. మీ ఆవిడ కూడా నడుపుతారంటే ఆమె పేరు, లైసెన్సు నంబరు ముందే రాయించండి. పేరు లేనివాళ్లు నడిపి ఏదైనా జరిగితే నష్టమంతా మీదేనంటారు.

ఏ బండి అన్నదానికి: పెద్దవాళ్లు ఇద్దరు, మీరిద్దరు, బాబు. స్విఫ్ట్‌లో ఇరుక్కుని వెళ్లొచ్చు గానీ ఆరు గంటలు పెద్దవాళ్ల మోకాళ్లకు కష్టం. ఎర్టిగాలాంటిది మేలు. సీఎన్‌జీ బండైతే డిక్కీలో సగం సిలిండరే ఉంటుంది, సామాను ఎక్కడ పెడతారో ఆలోచించుకోండి. మీరు నేర్చుకున్నది గేర్ల బండైతే గేర్లదే తీసుకోండి. ఘాట్ రోడ్డు మీద కొత్తగా ఆటోమేటిక్ అలవాటు చేసుకోవడం తగదు.

ఇప్పుడు అసలైన ఘట్టం, బండి చేతికి తీసుకోవడం. దీనికి అరగంట కేటాయించండి. "అన్నీ బాగున్నాయి సార్, లేటవుతుంది, తీసుకెళ్లండి" అంటారు, మీరు మాత్రం తొందరపడొద్దు. పగలే తీసుకోండి. ట్యూబులైటు వెలుగులో గీతలు కనబడవు. అప్పుడే కడిగి తడిగా ఉన్న బండి మీద అసలే కనబడవు, గుడ్డతో తుడిచి చూడాలి. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, నంబరు ప్లేటు దగ్గర మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా బండి చుట్టూ ఒక్క తిరుగుడు తిరిగి మళ్లీ ప్లేటు దగ్గరికి రండి. మనుషులు వదిలేసేవి బంపర్ల కింది అంచు, నాలుగు రిమ్ములు, ముందు అద్దం మీద రాయి తగిలిన చుక్క. ఆ చుక్క చిన్నదే, కానీ ఎండలో ఏసీ పెడితే పగులై పాకుతుంది, అద్దం ఖరీదు మీ మీద పడుతుంది. ఫోన్ టార్చి తలుపుకు ఏటవాలుగా పట్టుకుంటే సొట్టలు నీడలా తేలతాయి. తర్వాత లోపల కూర్చుని రీడింగు, పెట్రోల్ ముల్లు, వెలిగిన లైట్లు తీయండి. ఆ వీడియో అక్కడికక్కడే ఓనరుకు వాట్సాప్ చేయండి. మీ ఫోన్‌లో ఉంటే అది మీ మాటే, ఆయన ఫోన్‌లోకి టైముతో సహా చేరితే అది రుజువు.

డాష్‌బోర్డు లైట్ల సంగతి చాలామందికి తెలియదు. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు ఆగండి. ఇంజిన్ బొమ్మ, ఆయిల్ డబ్బా బొమ్మ, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్ గుర్తులన్నీ వెలగాలి. స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే లోపమున్నట్టే. తాళం తిప్పినప్పుడు ఏదైనా ఒకటి అసలు వెలగనే లేదంటే ఇంకా అనుమానించాలి, లోపం కనబడకుండా దాన్ని పీకేసి ఉండొచ్చు.

టైరు పక్కన నాలుగంకెల గుర్తుంటుంది. 2322 అని ఉంటే 2022వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. ఐదారేళ్లు దాటిన టైరుతో ఘాట్ ఎక్కొద్దు. గాడుల మధ్య అడ్డంగా చిన్న దిమ్మెలుంటాయి, టైరు వాటి మట్టానికి అరిగితే లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం, మార్చమనండి. గాలి ఎంతుండాలో డ్రైవర్ తలుపు తీస్తే కనబడే స్టిక్కరు మీద ఉంటుంది, ఐదుగురికీ సామానుకూ వేరే అంకె ఇచ్చి ఉంటే అదే పెట్టించండి. డిక్కీ చాప ఎత్తి స్టెప్నీని బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. జాకీ, వీల్ స్పానర్ ఉన్నాయా? స్పానర్ ఒక నట్టుకు పెట్టి చూడండి, అలాయ్ రిమ్ముల బండ్లలో వేరే సైజుది పడి ఉండటం కద్దు. నల్లమలలో పంక్చర్ అయ్యాక తెలిస్తే ఏం లాభం?

ఓనరుతో కలిసి రెండు కిలోమీటర్లు నడపండి. క్లచ్ పూర్తిగా పైకి వచ్చేదాకా బండి కదలకపోతే క్లచ్ ప్లేటు అరిగిందన్నమాట. ఖాళీ రోడ్డు మీద బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగకూడదు. వైపర్ నీళ్లు, హారన్, డిప్పర్, వెనక లైట్లు చూడండి. 2019 జూలై తర్వాతి బండ్లలో 80 దాటగానే బీప్ వస్తుంది, అది లోపం కాదు.

పెట్రోలా డీజిలా అన్నది మూత లోపలి స్టిక్కరు చూసి నిర్ధారించుకోండి. బంకు కుర్రాడు పొరపాటున వేరేది పోస్తే బండి స్టార్ట్ చేయొద్దు, తాళం కూడా తిప్పొద్దు. తోయించి పక్కన పెట్టి ట్యాంకు ఖాళీ చేయించాలి. స్టార్ట్ చేస్తే అది ఇంజిన్ దాకా పోతుంది. లీటరుకు 15 కిలోమీటర్ల లెక్కన మీకు 39 లీటర్లదాకా పడుతుంది, 110 రూపాయల చొప్పున 4,300 అటూఇటూ. దోర్నాల దాటాక అడవే, ఆలోపే నింపుకోండి.

ఫాస్టాగ్‌లో డబ్బులెన్ని ఉన్నాయో, ఎవరు వేయాలో ముందే తేల్చుకోండి. గుంటూరు వెళ్లేలోపే కాజా టోల్‌గేటు తగులుతుంది. ట్యాగ్ పనిచేయకపోతే నగదుకు రెట్టింపు కట్టాలి, 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే ఒకటింపావు వంతు.

దారిలో మీరు మరిచిపోకూడనిది దోర్నాల గేటు. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. విజయవాడ నుంచి ఆరు గంటల ప్రయాణం అనుకుంటే మధ్యాహ్నం రెండింటికల్లా బయల్దేరాలి. కార్తీకంలో ఇంకా ముందే. నేనైతే శనివారం తెల్లవారుజామున ఐదింటికి కదలమంటాను. తిరుగు ప్రయాణంలోనూ అంతే, చీకటి పడేలోపే అడవి దాటేయండి. లోపల ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. సాక్షి గణపతి, శిఖరం దగ్గర కోతులుంటాయి. బండి ఆపితే అద్దాలన్నీ పైకెత్తండి, తినేవి పైకి కనబడనీయొద్దు.

మీరింతవరకు ఘాట్ ఎక్కకపోతే, నరసరావుపేట దగ్గర కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఒకసారి ఎక్కి దిగండి. స్వామి దర్శనమూ అవుతుంది, చెయ్యీ తిరుగుతుంది. గుర్తుంచుకోవాల్సింది: ఏ గేరులో ఎక్కారో దిగేటప్పుడూ ఆ గేరే. రెండో గేరులో ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో వదిలి బ్రేకు మీదే దిగితే ప్యాడ్లు కాలి, బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. పెడల్ మెత్తగా అయిపోయి లోపలికి దిగిపోతుంది, బండి ఆగదు. కాలిన వాసన రాగానే వెడల్పున్న చోట ఆపి ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి, చక్రాల మీద నీళ్లు పోయొద్దు. ఇంజిన్ ఆపి దిగడం మరీ ప్రమాదం, బ్రేకు పెడల్ గట్టిపడిపోతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. ఎత్తులో ఆగాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు వేయండి. క్లచ్ సగం నొక్కి బండిని నిలబెడితే ఆ ప్లేటు బిల్లు మీకే వస్తుంది. ఇరుకు చోట ఎదురుపడితే ఎక్కే బండికే దారివ్వాలి.

ప్రమాదం జరిగితే ముందు మనుషులు: 108, పోలీసులకు 112, జాతీయ రహదారి మీదైతే 1033. తర్వాత బండి కదపకముందే ఫోటోలు, ఓనరుకు ఫోను. ఎవరికైనా దెబ్బ తగిలితే అక్కడే డబ్బులిచ్చి సర్దుకోవద్దు, పోలీసు స్టేషన్‌లో రాయించండి. కాగితం లేకపోతే క్లెయిమ్ నిలబడదు.

అప్పగించేటప్పుడు కూడా అదే వీడియో, అదే వరసలో, ఓనరు పక్కనుండగా తీయండి. పెట్రోల్ తీసుకున్న గీత దగ్గరే ఉండేలా చూసుకుని ఆఖరి బంకు రసీదు ఫోటో పంపండి. వాళ్లు చలాన్ల కోసం డిపాజిట్‌లో కొంత కొన్నాళ్లు ఆపుకుంటామంటారు, అందులో తప్పేం లేదు. ఎంత ఆపారు, ఏ తేదీకి ఇస్తారు అన్నది మాత్రం వాట్సాప్‌లో రాయించుకోండి. తర్వాత చలాన్ చూపిస్తే అందులో తేదీ, టైము, ప్రదేశం చూడండి. బండి మీ చేతిలో ఉన్న గంటల్లోది అయితే కట్టండి. కాకపోతే మీరు తీసుకున్న, అప్పగించిన వీడియోల టైము చూపించి మీ డబ్బు మీరు అడగండి.