జపాన్ పింగాణీ పెట్టె కొనేటప్పుడు పూలు కాదు, మూత చూడండి

క్యోటో వెళ్తున్నాను, పూలు వేసిన చిన్న పింగాణీ పెట్టె ఒకటి కొనాలనుంది, చేత్తో వేసిందో అచ్చు కొట్టిందో ఎలా తెలుస్తుంది అని అడిగారు. అందరూ భూతద్దం పట్టుకెళ్లమంటారు. పట్టుకెళ్లండి, తప్పేం లేదు. అచ్చేసిన బొమ్మను స్టిక్కర్‌లా అతికించి కాలిస్తే, పేపర్లో ఫొటోలాగా చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. చేత్తో వేసిన రంగు, ముఖ్యంగా ఆకుపచ్చ, నీలం, వేలికి కాస్త ఉబ్బుగా తగులుతుంది. కానీ నన్నడిగితే పూలు చూడటం దండగ. మూత చూడండి.

మా ఆయన ఉద్యోగం వల్ల మూడేళ్లు ఒసాకాలో ఉన్నాం. క్యోటో అక్కడికి రైల్లో అరగంట. ఒక నవంబరులో కియోమిజు గుడి చూసి దిగుతుంటే వాన పట్టుకుంది. గోజోజాకా వీధిలో ఒక చిన్న కొట్లో దూరాను. కొందామని కాదు, తడవకూడదని. అప్పటికే గుడి దగ్గర కొట్లు చూసీ చూసీ విసుగెత్తిపోయింది. ప్రతి కొట్లోనూ అదే పిల్లి బొమ్మ, అదే కప్పు. ఏది పట్టుకున్నా 'నిన్సెయి' అంటారు. నిన్సెయి అనే ఆ కుమ్మరి మహానుభావుడు క్యోటోలో నిన్నాజీ గుడి ముందు బట్టీ పెట్టుకుని కుండలు చేసింది 17వ శతాబ్దంలో. ఇప్పుడు ఆ పేరు చెబితే ఆయన పద్ధతిలో రంగులు వేశారని మాత్రమే అర్థం. మనవాళ్లు అది వినగానే పర్సు తీసేస్తారు.

ఈ కొట్లో మాత్రం అరచేతిలో పట్టే గుండ్రటి పెట్టె ఒకటి కనిపించింది. మీగడ రంగు మీద పసుపు చామంతులు. మా అమ్మకు చామంతులంటే ప్రాణం. తెరిచి చూసి మూత పెట్టబోతే పట్టలేదు. ఎంత నొక్కినా ఒక పక్క లేస్తోంది. విరగ్గొట్టానేమోనని ఒకటే టెన్షన్. కొట్టావిడకు డెబ్బై దాటి ఉంటాయి. వచ్చి నా చేతిలోంచి తీసుకుని మూతను నొక్కకుండా ఊరికే తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగి, 'కొకొ' అంది. 'ఇక్కడ' అని. మూత మీద సగంలో తెగిన కాడ పెట్టె మీది కాడతో కలిసిపోయింది. రెండూ కలిసేదాకా ఆ పువ్వుకు కాడ ఉందనే నేను గమనించలేదు.

నాకొచ్చిన అరకొర జపనీసులో తర్వాత అర్థమైంది ఇది. పచ్చి మట్టి ఆరి, బట్టీలో కాలేసరికి పదో వంతుకు పైగా కుంచించుకుంటుంది, కాస్త వంకర కూడా పోతుంది. అందుకే మూతనూ పెట్టెనూ విడిగా కాల్చరు, ఒకదాని మీద ఒకటి పెట్టి కాలుస్తారు. వంకర పోయినా రెండూ కలిసే పోతాయి. అతుక్కోకుండా అంచులకు మెరుపు పూత పూయరు. 1200 డిగ్రీలు దాటిన మంటలో అది కాలాక పైన రంగులేసి, 800 దగ్గర మళ్లీ కాలుస్తారు. బంగారం పూయాలంటే ఇంకోసారి. నా లెక్క ప్రకారం మూత ఒక్కచోటే సరిగ్గా కూర్చుంటే అది చేతి పని. ఎలా తిప్పినా కూర్చుంటే యంత్రం పని. మా ఆయన ఈ రూల్ ఒప్పుకోడు. ఆయన ఇంజనీరు, వదిలేయండి.

ఇలాంటి పెట్టెను కోగో అంటారు. టీ వేడుకలో బొగ్గుల మీద వేసే ధూపం పెట్టుకునే పెట్టె. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, నేలలో గుంటపొయ్యి వాడే నెలల్లో పింగాణీది వాడతారు, అందులో ముద్దగా కలిపిన ధూపం ఉంటుంది. మిగతా నెలల్లో చెక్కది, అందులో గంధపు చెక్క ముక్కలు. ధర 14,000 యెన్లు. "మనకు నిప్పూ లేదు, ధూపమూ లేదు, ఎందుకిది?" అన్నాడు మా ఆయన. ఫ్రాన్స్ ప్రధానిగా చేసిన క్లెమెన్సో ఇలాంటివి సుమారు 3000 పోగేశాడు, ఇప్పుడవి మాంట్రియల్ మ్యూజియంలో ఉన్నాయి, నేను కొన్నది ఒక్కటేగా అన్నాను.

మీరు కొంటే చేసినవాళ్ల సంతకం ఉన్న చెక్క డబ్బా కూడా ఇస్తారేమో అడగండి. పింగాణీ పెట్టెను అందులోనే పెట్టిస్తారు. తర్వాత ఎప్పుడైనా అమ్మాలంటే ఆ డబ్బా ఉంటేనే మంచి ధర. నా డబ్బాను మా పిన్ని కూతురు ప్యాకింగ్ చెత్త అనుకుని పారేసింది. అడిగితే "అట్టపెట్టె అనుకున్నానక్కా" అంటుంది. చెక్కకూ అట్టకూ తేడా తెలీదా? సరే, వదిలేయండి.

రాజమండ్రిలో అమ్మ చేతికి ఇచ్చాను. మూత తీసి చూసి, "కుంకుమ భరిణె భలే ఉందే" అంది. షోకేసులో పెడుతుందేమోనని భయపడ్డాను కాబట్టి ఆ మాటకు సంతోషించాను. జపాన్‌లో కొన్నవన్నీ అద్దాల వెనక పెట్టి తాళం వేసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. కాకపోతే పూత లేని ఆ అంచు సంగతి మర్చిపోయాను. నెల తిరిగేసరికి కుంకుమ పీల్చుకుని అంచంతా ఎర్రబడింది. తడిగుడ్డతో తుడిచినా పోలేదు. మీరు కుంకుమ వేస్తే లోపల చిన్న గిన్నె పెట్టి వేయండి.

మూత పట్టట్లేదని అమ్మ మొదట్లో రోజూ ఫోన్ చేసేది. "నొక్కకమ్మా, తిప్పు, కాడ దగ్గర కాడ" అని చెప్పేదాన్ని. తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. సంక్రాంతికి వెళ్లి చూస్తే మూత మీద ఒకటి, పెట్టె మీద ఒకటి, గోళ్లరంగుతో రెండు ఎర్ర చుక్కలు.

"కళ్లజోడు లేకుండా కూడా పడుతోందే ఇప్పుడు" అంది.